చంక దగ్గర విప్పిన కుట్టు

ఏవండీ,

మీరు పోయి ఈ వేళకి ఏడాది. మీరున్నన్నాళ్ళూ మన తాడేపల్లిగూడెం కొట్లో కత్తెర మీది, గుండీలూ కాజాలూ నావి. ఈ రోజు నేను కత్తిరించిన మొదటి కోటుని పెళ్ళికొడుకు వేసుకు చూశాడు. మండవల్లి అబ్బాయి.

కొలతలప్పుడే, "చంకల్లో బాగా వదులు పెట్టండమ్మా, చేతులు ఆడాలి" అన్నాడు. అందరూ అడిగేదే. మీరైతే తలూపి, మీ పద్ధతిలోనే చంక పైకి తీసేవారు. నేనూ అంతే చేశాను. చంక కిందకి దిగితే చెయ్యెత్తినప్పుడల్లా కోటంతా లేస్తుందని, ఒంటికి దగ్గరగా ఉంటేనే చెయ్యి హాయిగా ఆడుతుందని ముప్పై ఏళ్ళు విన్నదాన్ని కదా.

మీరు అనేట్టే, "ప్రార్థనలో ఎత్తినట్టు చేతులెత్తు బాబూ" అన్నాను. ఎత్తాడు. కోటు అంచు కదల్లేదు.

"వేసుకున్నట్టే లేదండీ" అన్నాడు.

అలవాటుగా మీ మిషన్ వైపు చూశాను. దాని మీద గుడ్డ కప్పి ఉంది.

మీకు చెప్పని మాట ఒకటుంది. మీరు పోయిన రోజు, మీకోసం మీరు కుట్టుకున్న ఒకే ఒక్క కోటు మీకు వేద్దామన్నాను. బిగుసుకుపోయిన చేతులు ఆ చంకల్లో దూరలేదు.

"వీపున కోసెయ్యండమ్మా, పైకి కనబడదు" అన్నారు పాస్టరుగారు.

మీ కోటు మీద కత్తెర పెట్టలేక, రెండు చంకల కుట్లూ విప్పి తొడిగాను. మళ్ళీ కుడదామనుకునేలోపు బండి వచ్చేసింది.

దారం ఎక్కించిన సూది సమాధుల దొడ్డి దాకా నా పైటకే గుచ్చి ఉంది.