మంచివాడన్నది నేనే

సుజీ,

తుపాకీ లైసెన్సుల చట్టాన్ని కఠినం చేస్తామంటూ నిన్న ఇక్కడ మన హెండర్సన్ పేటలో మీటింగ్ పెట్టారు. నీ కూతుర్ని తీసుకుని వెళ్లాను. మైకు ఇస్తే నిజం చెప్పేశాను.

నీ మొగుడికి తుపాకీ లైసెన్సు ఇచ్చే ముందు, అతనెలాంటివాడో అడగడానికి పోలీసులు నా దగ్గరికొచ్చారు. దానికి వారం ముందే నువ్వు, "అక్కా, ఈయన్ని చూస్తే భయమేస్తోందే" అన్నావు. పరువు పోతుందని నేను వాళ్లతో, "మా మరిది చాలా మంచివాడు" అన్నాను. మూడు నెలలకు నిన్ను కాల్చేశాడు.

వేటకు వెళ్లే పెద్దాయనొకడు, ఈ దేశంలోనే పుట్టిన కీవీ, లేచి, "అయితే తప్పు చట్టానిది కాదు, నీది" అన్నాడు.

"నాదే. నాలాంటివాళ్ల మాట నమ్మి తుపాకీ ఇవ్వకండి" అన్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడే నీ కూతురు కారులో తెలుగులో అడిగింది, "పెద్దమ్మా, అమ్మ నిజంగానే నీకు ముందే చెప్పిందా?"

"చెప్పింది" అన్నాను.