పట్టు వదలని శ్రీను

శనివారం రాత్రి, అల్ వర్సాన్

ఇవాళా ఓడిపోయాం. మా కంపెనీ ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ జట్టు ఎప్పటికైనా గెలుస్తుందన్న ఆశ నాకిక లేదు.

మ్యాచ్ అయ్యాక కోచ్ నన్ను పక్కకి పిలిచాడు. ఆయనే మా ఆస్ట్రేలియా మేనేజరు; కెప్టెన్ని నేను. జట్టు బలమేంటి, లోపమేంటి చెప్పమన్నాడు. తన్నిన బంతి అనుకున్న చోటికి పోదు, గాల్లోకి ఎగిరి అందుకునేవాడు లేడు, సగం ఆటకే ఆయాసపడతాం అన్నాను. బలమంటే ఒక్క శ్రీను పేరే చెప్పాను. వాడు పట్టుకుంటే ఎంతటివాడైనా కిందపడాల్సిందే.

"లోపం కూడా అతనే" అన్నాడు కోచ్.

నిజమే. ఈ ఆటలో బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని పడేయొచ్చు, కానీ వాడు బంతి వదలగానే మనం వాణ్ణి వదిలేయాలి. శ్రీను మా అమలాపురం వైపు కబడ్డీ ఆడి పెరిగినవాడు. కూత ఆగేదాకా వదలడు. ఇవాళ చివర్లో మా గోలు ముందు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. అంపైర్ వాళ్ళకి ఫ్రీ కిక్ ఇచ్చాడు. అంతే, ఖలాస్.

బస్సులో అడిగితే, "చేతులు మాట ఇనట్లేదన్నయ్యా" అన్నాడు.

వచ్చే మ్యాచ్‌కి వాణ్ణి తీసేయమన్నాడు కోచ్. వాడు లేకపోతే అవతలివాళ్ళని ఆపేవాడే ఉండడు. ఉంటే మళ్ళీ ఇదే. ఎలాగూ ఓడిపోయేదానికి వాడి మనసు విరిచెయ్యడం ఎందుకు... కానీ ఆ మాట మేనేజరుకి ఎలా చెప్పను.

మా ఇద్దరి గదికొచ్చాక శ్రీను దిండుని పట్టుకోవడం, వదిలేయడం చాలాసేపు సాధన చేశాడు. ఇప్పుడు కింది మంచం మీద నిద్రపోతున్నాడు. దిండుని రెండు చేతులా బిగించి పట్టుకునే ఉన్నాడు.