బొగ్గు గదిలో చప్పుడు

12 నవంబర్ 2020, గురువారం
మా ఆయన వాసుకి కరోనా పాజిటివ్. నాకు నెగెటివ్. జర్మనీలో, ఈ వాల్డార్ఫ్ ఊళ్ళో మా ఫ్లాట్‌కి ఉన్నవి రెండే గదులు. బెడ్‌రూమ్ తనకి, హాలు నాకు. పది రోజులు క్వారంటైన్, ఆ తలుపు తీయొద్దన్నారు హెల్త్ ఆఫీసువాళ్ళు ఫోన్‌లో. మాట్లాడితే దగ్గు, ఫోన్ చూస్తే తలనొప్పి అంటాడు వాసు. అందుకే ఒక ఒప్పందం. నేను పళ్ళెం గుమ్మంలో పెట్టి తలుపు తడతాను. తను లోపలినుంచి మూడుసార్లు తడితే బాగున్నట్టు.

13, శుక్రవారం
ఆఫీసులో కుర్జ్‌ఆర్బైట్ అని పని గంటలు తగ్గించారు, సగం రోజు పని లేదు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుంది. ఒక ఆన్‌లైన్ ఆర్కైవ్‌కి వాలంటీర్‌గా పాత ఓడ లాగ్‌బుక్ టైప్ చేస్తున్నాను. అమెరికా అంతర్యుద్ధం నాటిది. ఉత్తరాది నేవీ దక్షిణాది రేవులను దిగ్బంధిస్తే, దాని కళ్ళుగప్పి పత్తి దాటించే స్టీమర్. చివరికి నేవీకే దొరికిపోయింది. వాళ్ళు దానికి ఫిరంగులు బిగించి, గన్‌బోట్ చేసి, ఒకప్పటి తోటి స్టీమర్లను వేటాడటానికే తోలారు. పాపం అనిపించింది. ఓడ మీద జాలేమిటో నాకు.

15, ఆదివారం
ఓడలో పాత బొగ్గు గదిని ఇనుప రేకులతో మూసేసి, పైన ఫిరంగి బిగించారట. మర్నాటి నుంచి కింద చప్పుడు. ఎలకలు అన్నాడట ఇంజినీరు. ఎలకలు లెక్కపెట్టి మూడేసిసార్లు కొడతాయా?
వాసు చారన్నం ముట్టుకోలేదు. తట్టాడు మాత్రం.

16, సోమవారం
పారిపోతున్న మనిషెవడో బొగ్గు వెనక దాక్కుని, ఓడ పట్టుబడ్డాక కూడా లోపలే ఉండిపోయాడని నావికులకి అర్థమైంది. రేకు తీయాలంటే ఫిరంగి దించాలి. రేవు చేరాక చూద్దాం అన్నాడట కెప్టెన్. ఒళ్ళు మండిపోయింది. రోజూ ఒకటే రాత: చప్పుడు ఉంది, బతికే ఉన్నాడు.
పళ్ళెం మళ్ళీ పెట్టింది పెట్టినట్టే ఉంది. మూడుసార్లు తట్టాడు, నయం.

17, మంగళవారం
మూడుసార్లు.

18, బుధవారం, ఉదయం 10
రేవులో రేకు తీశారు. లోపలి మనిషి చచ్చిపోయి నాలుగు రోజులైందని డాక్టర్ రాశాడు. అదే పేజీలో, దానికి పైన, ఆ పొద్దుటి లైను ఉంది: చప్పుడు, మూడుసార్లు.
మాస్కు కూడా పెట్టుకోలేదు. వెళ్ళి తలుపు తీస్తున్నాను.

మధ్యాహ్నం 2
తలుపు తీసేసరికి వాసు మంచం పక్కన నేల మీద పడి ఉన్నాడు. పెదాలు నీలం. ఊపిరి ఆడుతోంది. 112 కి చేశాను. ఇంకో రోజు ఆగితే దక్కేవాడు కాదన్నారు అంబులెన్స్‌వాళ్ళు. నన్ను ఎక్కనివ్వలేదు. ఆ కెప్టెన్‌ని తిట్టాను కానీ, నేను చేసిందేమిటి?

23, సోమవారం
వాసు ఫోన్ చేశాడు. ఆక్సిజన్ తగ్గించారట. గొంతు పీలగా ఉంది, అయినా తనదే. భోరున ఏడ్చాను. రోజూ తట్టావు కదా, అందుకే ధైర్యంగా ఉన్నానన్నాను. పద్నాలుగో తారీఖు శనివారం నుంచి చెయ్యే లేవలేదు, నేనెక్కడ తట్టానే అన్నాడు.

24, మంగళవారం, ఉదయం 8
ఖాళీ బెడ్‌రూమ్. అలవాటుకొద్దీ టీ గుమ్మంలో పెట్టి తలుపు తట్టాను. లోపలినుంచి తిరిగి తట్టిన చప్పుడు.
మూడుసార్లు.
తలుపు బార్లా తీశాను. వీధి తలుపు కూడా. వెళ్ళు నాయనా, రేవొచ్చింది అన్నాను.