నాలుగో గడిలో కూతురు

ప్రియమైన పెద్దమ్మకు,

లా కాలేజీ ప్రవేశ పరీక్ష నీ బొత్తాం గట్టెక్కింది. ఇక ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. అదీ నాదే అనుకో. ఈ పొగరు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడక్కు, పెంచింది నువ్వే.

సివిల్ లా చదువుతావా, ఇమిగ్రేషన్ లా చదువుతావా అని తప్పకుండా అడుగుతారట. లాయరు గారి ఆఫీసులో రెండేళ్లుగా రెండు రకాల కాగితాలూ టైపు చేస్తున్నాను. పెళ్లి, విడాకులు, వారసత్వం, దత్తత ఒక బీరువా. వీసాలు, నివాస అనుమతులు ఇంకో బీరువా. రెండింటి తాళాలూ నా దగ్గరే ఉన్నాయి, మనసు మాత్రం ఎటూ తేలడం లేదు.

నీ శాశ్వత నివాసం దరఖాస్తు ఏమైంది? ఏ కాగితం వచ్చినా ముందు నాకు పంపు. కాగితం కనిపిస్తే చాలు, నువ్వు దాని మీద కోటు కొలతలు గీసేస్తావు.

నీ బొత్తాం

---

ప్రియమైన బొత్తానికి,

నువ్వు పాసయ్యావని కుట్టుషాపులో ఉన్న ముగ్గురికీ చదివి వినిపించాను. జిప్పు మార్పించుకోవడానికి వచ్చిన పెద్దాయన, “అయితే మా ఇంటి ఓనరు గొడవ మీ అమ్మాయే చూస్తుందా?” అన్నాడు. చూస్తుంది, లైన్లో నిలబడమన్నాను.

ఇక నువ్వు తిట్టే సంగతి. కాగితం వచ్చి పది రోజులైంది. కొలతల పుస్తకం కింద పడిపోయిందని రాద్దామనుకున్నా గానీ, నీ దగ్గర దాపరికమెందుకు, నేనే పెట్టాను.

మీ అమ్మ పోయాక, నాలుగేళ్ల పిల్లవైన నిన్ను పెంచుకుంటూ ఈ దేశంలోనే ఉండిపోవడానికి ఒక ఫారం పెట్టాను కదా, దాన్ని ఇప్పుడు బయటికి తీశారు. నాలుగో గడిలో నిన్ను కూతురని రాయించాను. నీ జనన ధ్రువపత్రంలోనేమో తల్లిగా నా చెల్లెలి పేరుంది. కాబట్టి నేను అబద్ధమాడి ఇక్కడ ఉండిపోయానట. కాగితం వచ్చిన నాటినుంచి ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. లేకపోతే దరఖాస్తు కొట్టేసి దేశం వదిలి వెళ్లమంటారు.

ఇరవై ఏళ్లుగా ఈ ఊరి బట్టలకి అతుకులేస్తున్నాను. ఇప్పుడు నేనే ఇక్కడ అతకనంటున్నారు. ఆ కాగితం దీంతో పెడుతున్నాను.

మీ పెద్దమ్మ

---

ప్రియమైన పెద్దమ్మకు,

పది రోజులు దాచినందుకు తిట్లు ఇంటికొచ్చాక తీరిగ్గా తిడతాను. ఇప్పుడు టైము లేదు.

భయపడకు. ఇది చాలా తేలిక. మనవాళ్లలో చెల్లెలి కూతుర్ని కూతురనే అంటారు. వాళ్ల ఫారంలో ఆ మాటకి కన్నబిడ్డ అనే అర్థం. అంతే తేడా. అఫిడవిట్ నేనే రాశాను, లాయరు గారు ఒక్క కామా కూడా మార్చలేదు. “భాష తెలియక, పొరపాటున కూతురు అని రాయించాను” అని ఉంటుంది. దాని కింద సంతకం పెట్టి రేపే పోస్టులో వెయ్యి. మిగతాది నేను చూసుకుంటాను.

నీ బొత్తాం

---

ప్రియమైన బొత్తానికి,

నీ కాగితం తిప్పి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు. పొరపాటున అన్న మాట మీద సుద్దతో గీత పెట్టాను చూడు. అక్కడ కత్తిరించాలి.

ఫారం పెట్టిన రోజు ఆ ఆఫీసులో నువ్వు కౌంటరు మీద కూర్చుని అక్కడి స్టాంపు చేతికి గుద్దుకుంటున్నావు. పక్కింటావిడ నాకు వాళ్ల భాష చెప్పడానికి వచ్చింది. “చెల్లెలి కూతురు అనాలి, వాళ్లకి వేరే మాటుంది” అని నా చెవిలో చెప్పింది కూడా. కౌంటరావిడ కొంత రాసి, పెన్ను ఆపి, మీ కూతురేనా అని రెండోసారి అడిగింది. నేను రెండుసార్లూ కూతురనే చెప్పాను.

భాష తెలియకేం కాదు. తెలిసే చెప్పాను. వెళ్లిపొమ్మంటే మిషను సర్దుకుంటాను గానీ, నిన్ను పొరపాటని మాత్రం రాసివ్వను. కోపమొచ్చిందా? రానీ.

మీ పెద్దమ్మ

---

ప్రియమైన పెద్దమ్మకు,

వచ్చింది. ఒళ్లు మండింది. తర్వాత బీరువాల వెనక నిలబడి చాలాసేపు ఏడ్చాను.

లాయరు గారు నీ ఉత్తరం చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “తెలిసే రాయించానంటే కేసు బిగుసుకుంటుందమ్మా, మనకున్న దారి పొరపాటు ఒక్కటే” అన్నారు. నాకు మాత్రం ఒక సంగతి మింగుడుపడలేదు. కౌంటరావిడ రెండోసారి ఎందుకు అడిగింది?

వాళ్లు నీకు పంపింది ఆ ఫారంలో ఒక్క పేజీ. మొత్తం ఫారం నకలు కావాలని అర్జీ పెట్టి తెప్పించాను. పేజీ తిప్పగానే అయిదో గడి, “కన్నతల్లి పేరు.” అక్కడ మా అమ్మ పేరు, పోయిన తేదీతో సహా ఉంది. నువ్వే చెప్పావు, ఆవిడ రాసింది, అందుకే ఆగి మళ్లీ అడిగింది. మోసం చేసేవాళ్లు ఆ రెండు గడులూ ఒకే ఫారంలో అలా నింపించరు. నువ్వు ఏదీ దాచలేదు, వాళ్లే పేజీ తిప్పలేదు.

కొత్త అఫిడవిట్ ఇది. “ఈ అమ్మాయిని కన్నది నా చెల్లెలు. ఆ సంగతి ఆ రోజే చెప్పాను. మా భాషలో చెల్లెలి కూతురు నాకు కూతురే. తెలిసే చెప్పాను, నిజమనే చెప్పాను.” దీనికైనా సంతకం పెడతావా తల్లీ? ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

ఇంటర్వ్యూ నిన్న అయింది. సివిలా, ఇమిగ్రేషనా అన్నారు. కోటుకి పైగుడ్డ కావాలా లైనింగు కావాలా అని ఎవరైనా అడుగుతారా అన్నాను. మనిషి ఎవరికేమవుతుందో ఒకటి తేలుస్తుంది, ఎక్కడ ఉండొచ్చో రెండోది తేలుస్తుంది, మా ఇంట్లో రెండూ ఒకే ఫారంలో ఇరుక్కున్నాయని చెప్పాను. సీటిచ్చారు.

ఇంకో మాట. పెద్దయ్యాక కూడా దత్తత తీసుకోవచ్చు, మొదటి బీరువాలో దాని నమూనా ఉంది. నీ కేసు తేలగానే ఆ అర్జీ పెడదాం. అప్పట్నుంచి ఉత్తరం మీద “పెద్దమ్మకు” అని కాదు, “అమ్మకు” అని రాస్తాను. సరేనా?

నీ బొత్తాం

---

ప్రియమైన లాయరు బొత్తానికి,

నేను సంతకం పెట్టి పంపినదానికి జవాబు కాగితం ఇవాళ పొద్దున వచ్చింది. ఈసారి కొలతల పుస్తకం కింద పెట్టలేదు, షాపు అద్దానికి అంటించాను. శాశ్వత నివాసం మంజూరు చేశారు. నాలుగో గడిలో మాట దిద్దనక్కర్లేదని కూడా రాశారు. ఆ వాక్యం జిప్పు పెద్దాయన చేత మూడుసార్లు చదివించుకున్నాను. నీ తెలివికి నేను పొంగిపోయాను, అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

దత్తత సంగతి ఆలోచించాను. వద్దులే. చట్టం ఎంతైనా చదువు గానీ, మన భాష కూడా కాస్త చూసుకో. పెద్దమ్మలో అమ్మ ఎలాగూ ఉంది, ముందు పెద్ద కూడా ఉంది. ఉన్న హోదాలోంచి నన్ను దించుతావెందుకే?

మీ పెద్దమ్మ