ఆకుపచ్చ గౌను

చెల్లెమ్మకు అన్నయ్య రాసేది.

నువ్విచ్చిన నీ మనవరాలి పాత బట్టల మూట తిరిగి పంపుతున్నాను. మీ వదిన అన్నీ ఉతికి మడతపెట్టింది.

తల్లీతండ్రీ లేని పిల్లను ఈ వయసులో పెంచగలమా అని మేము వెనకాడితే, "నేను లేనా అన్నయ్యా? నా మనవరాలెంతో అదీ అంతే" అన్నావు. ఆ మాట నమ్మే ఇంటికి తెచ్చుకున్నాము.

మొన్న మీ ఇంట్లో నీ మనవరాలు "అది నా గౌను" అని ఏడ్చింది. నువ్వు నలుగురిలో మా పిల్ల ఒంటిమీది ఆకుపచ్చ గౌను విప్పించావు. "మనం ఇచ్చిందేగా, దానికేం తెలుస్తుందిలే" అని నవ్వావు కూడా. నా చొక్కా విప్పి దానికి తొడిగి తీసుకొచ్చాను.

అప్పటినుంచి కంచం ముందు కూర్చున్నా "ఇది నాదేనా?" అని అడుగుతోంది. నిన్న జడ వేయించుకుంటూ, "తాతా, ఎవరైనా వచ్చి అడిగితే నన్నూ ఇచ్చేస్తారా?" అంది.

"ఎందుకిస్తామే, నువ్వు మా పిల్లవి" అన్నాను.

"గౌను ఇచ్చేటప్పుడు ఆ అమ్మమ్మ కూడా 'ఇది నీదే' అంది కదా" అంది.

బట్టలు ఇంక వద్దమ్మా. నువ్వే ఒకసారి వచ్చి, దానికేం చెబుతావో చెప్పు.

అన్నయ్య