వాన క్యాసెట్టు

కంబదూరు,
20-8-1986.

శివప్పా,

మీ అక్క, నేను బాగున్నాము. గుంతకల్లులో మాకోసం ఆంప్లిఫయర్ కొనేముందు, రెండు రకాలను ఒకదాని తర్వాత ఒకటి ఒకే స్పీకర్లకు తగిలించి, ఈ ఉత్తరంతో పంపిన క్యాసెట్టే వెయ్యమని అంగడివాణ్ణి అడుగు. శబ్దం సమానంగా పెట్టించు. లేకపోతే గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది. ఏది మోగుతోందో చూడకుండా వీధివైపు తిరిగి కూర్చో.

ఇందులో పాటలు లేవు. మూడేళ్ళ కిందట మా రేకుల కప్పు మీద పడిన వాన ఉంది. మా చిన్న టేప్‌రికార్డరులో అది బొరుగులు వేయించినట్టుంటుంది. మొన్న బడి అయ్యవారి ఆంప్లిఫయర్ అడిగి తెచ్చి వేస్తే, మీ అక్క "వానొచ్చె, కట్టెలు తడుస్తాండాయి!" అని పరుగెత్తింది. ఎండలో కాసేపు నిలబడి, ఎత్తుకొచ్చిన కట్టెలు దించకుండానే "ఇంగొకసారి పెట్టు" అన్నది.

ఏది వేసినప్పుడు నీ చూపు దానంతటదే ఆకాశానికి పోతుందో, అది తీసుకురా.

మీ బావ