నక్షత్రం పెట్టిన ఉదయాలు

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ దీవెనలు.

ఇక్కడ తాతయ్య క్షేమం. నా సంగతి చివర్లో రాస్తాను. ఫోన్‌లో చెప్పలేను, అందుకే ఈ ఉత్తరం.

నువ్వు రెండు ప్రశ్నలు అడిగావు. తాతయ్య తింటున్నారు, చెంచాతో పెడితే. మాట మాత్రం పూర్తిగా పోయి ఆరు నెలలైంది. ఇక రెండోది: కొత్త కంప్యూటర్ నుంచి పంపిన ఫైలు పేరు ‘ప్రాత_కాలం’ అని ఉందేమిటి, విసర్గ మరిచిన పిల్లల చేత వందసార్లు రాయించిన అమ్మమ్మేనా ఇలా రాసింది అని. నవ్వుకో. విసర్గ మీట దొరక్క, దానిలాగే ఉండే కోలన్ రెండు చుక్కలు కనబడితే అవే నొక్కాను. నువ్విచ్చిన పాత కంప్యూటర్ రెండేళ్లలో ఒక్కసారీ వద్దనలేదు.

ఆ రెండేళ్లూ రోజూ పొద్దున్నే తాతయ్య మాటలు రికార్డు చేశాను. పేరులో తేదీ, ప్రాతఃకాలం, చివర ఒక గుర్తు. ఆయన నన్ను “నువ్వెవరు?” అని అడిగితే ప్రశ్నార్థకం. గుర్తుపట్టి “పంతులమ్మా” అని పిలిస్తే నక్షత్రం. నక్షత్రాలు పదకొండే. ఆ పదకొండు రోజులూ ముందు ఎవరని అడిగి, తర్వాతే పిలిచారు. కాబట్టి ఒకే తేదీకి రెండేసి ఫైళ్లు. తేడా చివరి గుర్తొక్కటే.

“ఈ గుర్తులు కొత్తదాంట్లో చెల్లవమ్మా. చుక్కలు, ప్రశ్నార్థకం, నక్షత్రం, ఏదీ ఒప్పుకోదు,” అన్నాడు కంప్యూటర్లు బాగుచేసే అతను. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే.

“పాతది ఒప్పుకుందిగా?”

“దాని పద్ధతి వేరండీ. మాకందరికీ పేర్లు పెట్టినట్టే వీటికీ పెట్టారు మీరు! అన్నిటి బదులూ అడ్డగీత పెట్టేస్తాలెండి.”

ఫైళ్లు కొత్తదాంట్లోకి ఎక్కుతుండగా అతను టీకి వెళ్లాడు. ఇదే పేరుతో ఇంకొకటి ఉంది, దాని బదులు ఇది పెట్టమంటారా అని తెర అడిగింది. మళ్లీ అడిగింది. “ఒకసారి చెబితే వినవేం?” అని కసిరి ‘అన్నిటికీ అవును’ నొక్కాను.

ఇప్పుడు, మీ అమ్మకు కూడా చెప్పనిది నీకు చెబుతున్నాను. అతను తిరిగొచ్చి, “లెక్క చూసుకున్నారా అమ్మా? పాతది తుడిచెయ్యనా?” అన్నాడు. “చూశాను, తుడిచెయ్” అన్నాను. చూడలేదు తల్లీ. హాజరుపట్టీ మూడుసార్లు సరిచూసే నేను, ఆ రోజు చూడలేదు.

తన గొంతు “పంతులమ్మా” అనడం వింటే తాతయ్య చెయ్యి నా చెయ్యి కోసం వెతుకుతుంది. సోమవారం ఒక నక్షత్రం రోజు ఫైలు పెట్టాను. “నువ్వెవరు?” అంది. పదకొండూ పెట్టాను. పదకొండూ అదే అడిగాయి. రెండు గుర్తులూ అడ్డగీతలై పేర్లు ఒకటయ్యాక, పిలిచినవాటి బదులు అడిగినవే మిగిలాయి. ఆయన చెయ్యి కదలలేదు.

పోయిన సెలవుల్లో ఒక నక్షత్రం ఫైలు నీ ఫోన్‌లోకి ఎక్కించుకున్నావు. ఉందా? ఉంటే పేరు మార్చకు, సర్దకు, అది ఏం అడిగినా అవుననకు. లేకపోతే ఓదార్చవద్దు. లేదని ఒక్క ముక్క రాయి.

ఆయన గొంతు అడిగిన ప్రతిసారీ పైకే జవాబు చెప్పాను, నేనేనండీ అని. ఇంకొక్కసారి ఆ పిలుపు వింటే తప్ప, ఆ జవాబు మీద నాకే నమ్మకం కుదిరేలా లేదు.

ఇట్లు,
నీ జవాబు కోసం గుమ్మంలోనే కూర్చుని ఉన్న
నీ అమ్మమ్మ